పెద్దయ్యాక పళ్ళు సరిచేయించుకోవాలంటే: అలైనర్లా, క్లిప్పులా?

ముప్పై దాటాక పళ్ళు సరిచేయించుకుందామని వెళ్ళేవాళ్ళలో చాలామంది డాక్టర్ని ముందుగా అడిగేది ఒక్కటే, "బయటికి కనపడకుండా అయిపోతుందా?" అని. 34 ఏళ్ళ వయసులో ఆ కుర్చీలో వెనక్కి వాలి నేనూ అదే అడిగాను. తర్వాత పద్నాలుగు నెలలు అలైనర్లు, అంటే పళ్ళకి తొడుక్కునే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు, వేసుకున్నాను, దాదాపు అదే సమయంలో మా అక్క మెటల్ క్లిప్పులు వేయించుకుంటే పక్కనే ఉండి అంతా చూశాను. ఇప్పుడు నన్నడిగితే కనపడటం, కనపడకపోవడం అనేది మూడో ప్రశ్న అంటాను. మొదటి ప్రశ్న, మీ పళ్ళు ఎటు కదలాలి, ఎంత కదలాలి. రెండోది, రోజుకి ఇరవై రెండు గంటలు ఆ ప్లాస్టిక్ తొడుగుని మీరు నోట్లో ఉంచుకోగలరా. ఈ రెండిటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే చాలామందికి ఏది వేయించుకోవాలో అక్కడే తేలిపోతుంది. అందుకే ఏ కంపెనీ ట్రేలు మంచివి అనే దగ్గర మొదలుపెట్టకుండా ఇక్కడ మొదలుపెడుతున్నాను.

పన్ను ఎలా కదులుతుందో తెలిస్తే సగం అయోమయం పోతుంది

పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టినట్టు ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఒకటి ఉంటుంది, దాని మందం ఇంచుమించు పావు మిల్లీమీటరు. పన్నుని ఒక వైపుకి నెమ్మదిగా, ఆపకుండా నెడుతూ ఉంటే ఆ వైపు పొర నలుగుతుంది, అక్కడున్న ఎముకని ఒక రకం కణాలు కరిగిస్తూ పోతాయి, వెనక ఖాళీ పడిన వైపు ఇంకో రకం కణాలు కొత్త ఎముక కడుతూ వస్తాయి. క్లిప్పులైనా అలైనర్లైనా లోపల జరిగేది ఇదే. పెద్దవాళ్ళకి పళ్ళు కదలవు అనేది నిజం కాదు, పన్నూ ఆ పొరా ఆరోగ్యంగా ఉన్నంతవరకు ఏ వయసులోనైనా కదులుతాయి. పెద్దవాళ్ళలో ఆగిపోయేది దవడ ఎదుగుదల. కాబట్టి పన్ను వంకరగా ఉండటం వేరు, దవడే ముందుకో వెనక్కో ఉండటం వేరు, రెండోది ఉన్నవాళ్ళకి పిల్లల్లోలా దవడని మళ్ళించడం కుదరదు, పళ్ళని సర్ది కొంతవరకు సరిపెట్టడమో లేక ఆపరేషనో దారి.

తేడా ఎక్కడుందంటే ఆ తోపు ఇచ్చే పద్ధతిలో. క్లిప్పుల్లో పన్నుకి అతికించిన బ్రాకెట్ గుండా ఒక తీగ వెళ్తుంది, వంచి బిగించిన ఆ తీగ తన అసలు ఆకారానికి రావాలని చూస్తూ పళ్ళని తనతో పాటు లాక్కెళ్తుంది. అలైనర్ అంటే పన్ను ఇప్పుడున్న చోటు కాకుండా కాస్త పక్కకి జరిపి అచ్చు తీసిన ప్లాస్టిక్ తొడుగు, దాన్ని బిగించి పెట్టుకుంటే పన్ను మెల్లగా ఆ అచ్చులోకి సర్దుకుంటుంది. ఒక్కో ట్రేలో ఆ జరుపు సాధారణంగా పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది, అందుకే వారానికో, పది రోజులకో, రెండు వారాలకో ఒక కొత్త ట్రే. ఈ ఆలోచన నిజానికి పాతదే, 1945లోనే కెస్లింగ్ అనే అమెరికన్ డాక్టర్ చివర్లో మిగిలిన చిన్న చిన్న కదలికల కోసం రబ్బరు తొడుగు వాడాడు. 1997లో పెట్టిన అలైన్ టెక్నాలజీ, అంటే ఇన్విజలైన్ బ్రాండ్ అలైనర్లు చేసేవాళ్ళే, దీన్ని కంప్యూటర్‌తో కలిపి వరస ట్రేలుగా మార్చారు. వాళ్ళ ముఖ్యమైన పేటెంట్ల గడువు 2017 నుంచి తీరుతూ రావడంతో ఇప్పుడు ఇన్ని బ్రాండ్లు కనిపిస్తున్నాయి.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతా పోలిక అంతా దీన్నుంచే వస్తుంది. తీగ పన్నుని పట్టుకుని లాగగలదు, తిప్పగలదు. నున్నటి ప్లాస్టిక్ నెట్టడంలో గట్టిది, పట్టుకోవడంలో బలహీనం.

ఎవరి పళ్ళకి ఏది

ముందు పళ్ళు కాస్త ఒకదానిమీద ఒకటి ఎక్కడం, పళ్ళ మధ్య సందులు, చిన్నప్పుడు క్లిప్పులు వేయించుకుని, తర్వాత పళ్ళు వెనక్కి జరగకుండా పెట్టుకునే రిటైనర్ మానేసినందువల్ల మళ్ళీ వంకరైన పళ్ళు, ముందుకి కొద్దిగా వాలిన పళ్ళు, ఇవన్నీ అలైనర్లతో బాగా వస్తాయి. ఇలాంటివాటికి క్లిప్పులే కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, గుండ్రంగా ఉండే పళ్ళని చుట్టూ తిప్పాల్సి వచ్చినప్పుడు, అంటే కోరపళ్ళు, వాటి వెనకుండే చిన్న దవడపళ్ళు. గుండ్రటి దాని మీద ప్లాస్టిక్ తొడుగు జారిపోతుంది. పన్నుని చిగురులోంచి కిందికి లాగాల్సి వచ్చినప్పుడు కూడా అంతే. పళ్ళు తీయించి ఆ ఖాళీలోకి మిగతావాటిని వేరుతో సహా నిటారుగా జరపాల్సి వస్తే ఇంకా కష్టం, ఎందుకంటే పైభాగం జరిగి వేరు అక్కడే ఉండిపోతే పన్ను వాలిపోతుంది. ఎముకలో ఇరుక్కుని బయటికి రాని పన్నుని దించాలన్నా క్లిప్పులదే పైచేయి. మా అక్కవి ఎత్తు పళ్ళు, పైన రెండు పళ్ళు తీయాలన్నారు, అలైనర్లతోనూ ప్రయత్నించవచ్చు గానీ చివరికి క్లిప్పులు పెట్టాల్సి రావచ్చని డాక్టర్ ముందే చెప్పారు, తను రెండో ఆలోచన లేకుండా మెటల్ వేయించుకుంది.

కంప్యూటర్లో అనుకున్న కదలికలో నోట్లో నిజంగా ఎంత జరుగుతుంది అని కొలిచిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది, ఇన్విజలైన్ మీద, సగటున 41 శాతం అని తేలింది. 2020లో మళ్ళీ అలాగే కొలిస్తే 50 శాతం. వింటే భయం వేస్తుంది గానీ దీన్ని సగం మందికే నయమవుతుంది అని చదువుకోకూడదు, తెర మీద చూపించే ఆ అందమైన యానిమేషన్ ఒక్క సెట్‌తో ఉన్నదున్నట్టు జరగదు అని చదువుకోవాలి. మిగిలినదాన్ని మళ్ళీ స్కాన్ తీసి, కొత్త ట్రేలు చేయించి పూర్తి చేస్తారు, దాన్నే రిఫైన్‌మెంట్ అంటారు. నాకు ముందు చెప్పింది 22 ట్రేలు, ఎనిమిది నెలలు. కింది పళ్ళు చెప్పినట్టే వచ్చాయి, పైన ఎడమ కోరపన్ను మాత్రం రాలేదు. పదకొండో ట్రే వేసుకున్నప్పుడు అద్దం దగ్గరికి వెళ్ళి చూస్తే, మిగతా పళ్ళకి ప్లాస్టిక్ చర్మంలా అంటుకుని ఉంది, ఆ ఒక్క పన్ను చివర మాత్రం ట్రేకీ పన్నుకీ మధ్య నెలవంక ఆకారంలో చిన్న ఖాళీ, అందులో లాలాజలం బుడగ. పన్ను వెనకబడిందనడానికి గుర్తు అదే. మీకు అలా కనిపిస్తే తర్వాతి ట్రేకి వెళ్ళిపోకుండా డాక్టర్‌కి ఫోటో పంపండి, వెళ్ళేకొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది తప్ప తగ్గదు. నన్ను రెండు ట్రేలు వెనక్కి పంపారు, చివరికి ఆ పన్నుకి చిన్న గుండీ లాంటిది అతికించి రబ్బరు బ్యాండుతో తిప్పాల్సి వచ్చింది. అలా ఎనిమిది నెలలు పద్నాలుగయ్యాయి.

ఎంతకాలం పడుతుందనే విషయంలో అందుకే ప్రకటనల్ని నమ్మకండి. తేలికపాటి కేసుల్లో అలైనర్లు క్లిప్పులకంటే త్వరగా పూర్తవుతాయి, పళ్ళు తీయించిన కేసుల్లో ఎక్కువ సమయం పట్టవచ్చు. ఆరు నెలల్లో అయిపోతుంది అంటే చాలావరకు కనిపించే ముందు పళ్ళు మాత్రమే సరిచేసి, కొరుకు, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, దాని సంగతి వదిలేస్తున్నారని అర్థం. దానివల్ల మీకు నష్టం లేకపోవచ్చు కూడా, కానీ అలా వదిలేస్తున్నట్టు ముందే తెలియాలి. వేగంగా కదిలిస్తామంటూ అమ్మే వైబ్రేషన్ పరికరాలు నిజంగా పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, వాటి మీద డబ్బు పెట్టకండి.

ఇరవై రెండు గంటలు అంటే ఏంటో లెక్క వేసుకోండి

తినడానికి, నీళ్ళు తప్ప ఏదైనా తాగడానికి, పళ్ళు తోముకోవడానికి మాత్రమే అలైనర్లు తీయాలి. రోజులో మిగిలేది రెండు గంటలు. మూడు పూటలా భోజనం, ఒకటి రెండు సార్లు కాఫీయో టీయో, ప్రతిసారీ తోముకోవడం, అన్నీ అందులోనే. అరగంట పాటు ఒక కప్పు కాఫీ సిప్ చేస్తూ పని చేసుకునే అలవాటున్నవాళ్ళకి ఇది నిజంగా కష్టం. ట్రే పెట్టుకునే తాగేస్తే ఏమవుతుంది అంటే, వేడికి ప్లాస్టిక్ ఆకారం మారుతుంది, రంగు పడుతుంది, తీపి ఉంటే ఆ తీపి గంటల తరబడి పన్నుకీ ప్లాస్టిక్‌కీ మధ్య నిలిచిపోయి పళ్ళు పుచ్చిపోతాయి. లాలాజలం మామూలుగా పళ్ళని కడుగుతూ ఉంటుంది, ట్రే కింద ఆ పని జరగదు.

ఆఫీసులో నా మధ్యాహ్నాలు ఇలా ఉండేవి. వాష్‌రూమ్‌లో చెయ్యి కడుక్కుని, లోపలివైపు నుంచి వెనక దవడపన్ను దగ్గర చూపుడువేలి గోరు దూర్చి కిందికి లాగితే టక్కుమని ఊడుతుంది, ఆ తర్వాత రెండో వైపు, అప్పుడు ముందుకి. ముందు పళ్ళ దగ్గర పట్టుకుని లాగితే ట్రే చీలుతుంది. చల్లటి నీళ్ళతో కడిగి డబ్బాలో పెట్టాలి. భోజనం బల్ల మీద టిష్యూలో చుట్టి పెడితే ప్లేటుతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది, అలైనర్లు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది చెప్పే కథ ఇదే. తిన్నాక తోముకుని, ట్రే పెట్టుకుని, చ్యూయీ అనే మెత్తటి చిన్న గొట్టాన్ని పళ్ళ మధ్య కొరుకుతూ ట్రేని అడుగంటా కూర్చోబెట్టాలి. మొత్తం మీద తినే టైము కాక పది నిమిషాలు. మొదటి రెండు వారాలు చిరాకు, తర్వాత చెయ్యి దానంతట అదే చేసేస్తుంది. చిరుతిళ్ళు మాత్రం వాటంతట అవే మానేశాను, ఒక్క ముక్క కోసం ఇదంతా చేయాలా అనిపించి.

ఎవరైనా పోనీలే రోజుకి పదహారు గంటలు పెట్టుకుంటాను అనుకుంటే, దయచేసి క్లిప్పులు వేయించుకోండి. ఆ ఎనిమిది గంటల్లో పన్ను వెనక్కి జరగాలని చూస్తుంది, మళ్ళీ ట్రే పెట్టగానే ముందుకి తోస్తుంది, ముందుకీ వెనక్కీ ఊగడంతో నొప్పి మిగులుతుంది, పని జరగదు. మా అక్క నన్ను చూసి అన్న మాట ఇది: "నీలాగా రోజంతా గడియారం చూసుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదే, నావి వాటి పని అవి చేసుకుపోతున్నాయి." క్లిప్పులకున్న అతి పెద్ద సుగుణం అదే. మీరు అలసిపోయినా, మర్చిపోయినా, జ్వరం వచ్చి పడుకున్నా తీగ తన పని మానదు.

క్లిప్పులతో ఉండే కష్టాలు వేరు. తనకి ఒక రాత్రి తీగ చివర వెనక బుగ్గలోకి గుచ్చుకుని నిద్ర పట్టలేదు, డాక్టర్ ఇచ్చిన మైనం కాస్త ఉండలా చేసి ఆ కొస మీద అద్దుకుని తెల్లవారేదాకా నెట్టుకొచ్చింది. గట్టివి, అంటుకునేవి కొరికితే బ్రాకెట్ ఊడుతుంది, ఊడితే వెళ్ళి పెట్టించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం శుభ్రం. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిస్తే, క్లిప్పులు తీశాక పన్ను మీద చతురస్రంగా తెల్ల మచ్చలు మిగిలిపోతాయి, అవి పుచ్చు మొదలయ్యే దశ. ఆవిడ ప్రతి రాత్రీ సన్నటి చిన్న బ్రష్‌తో ఒక్కో బ్రాకెట్ కిందా పైనా తోముకునేది, పది నిమిషాలు పట్టేది. ఈ ఓపిక లేనివాళ్ళకి, చిగుళ్ళు త్వరగా వాచేవాళ్ళకి, తీసి మామూలుగా తోముకోగల అలైనర్లు నిజంగా మేలు.

నొప్పి రెండిట్లోనూ ఉంటుంది. కొత్త ట్రేకి, కొత్త తీగకి మొదటి రెండు మూడు రోజులు పళ్ళు సలుపుతాయి, మెత్తటివి కూడా కొరకలేం. మొదటి రోజుల్లో అలైనర్లకి కాస్త తక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి, మా ఇద్దరి విషయంలోనూ అలాగే అయింది. మాట విషయానికొస్తే అలైనర్లతో మొదటి వారం రెండు వారాలు స, శ పలికేటప్పుడు గాలి పోతుంది, గట్టిగా పైకి చదువుతూ ఉంటే త్వరగా సర్దుకుంటుంది.

కనపడదు అన్నమాట ఎంతవరకు నిజం

దూరం నుంచి కనపడదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళు జాగ్రత్తగా చూస్తే కనపడుతుంది. ముందు చాలామందికి చెప్పనిది ఏంటంటే, ఇందాక అన్నట్టు ప్లాస్టిక్‌కి పట్టు లేదు కాబట్టి పళ్ళ మీద పన్ను రంగు పదార్థంతో చిన్న చిన్న బొడిపెలు అతికిస్తారు, అటాచ్‌మెంట్లు అంటారు. నాకు తొమ్మిది ఉండేవి, వాటిలో రెండు ముందు పళ్ళ మీదే. ట్రే తీసినప్పుడు నాలుకకి గరుగ్గా తగులుతాయి, లోపలి పెదవి మొదట్లో ఒరుసుకుపోతుంది. అయిపోయాక పాలిష్ చేసి తీసేస్తారు, మచ్చ ఉండదు.

ఇంకోటి, పళ్ళ మధ్య అరగదీయడం. చోటు కోసం పక్కపక్క పళ్ళ మధ్య 0.2 నుంచి 0.5 మిల్లీమీటరు దాకా ఎనామిల్, అంటే పన్ను గట్టి పైపొర, తీస్తారు, ఐపీఆర్ అంటారు. ఇసుక కాగితం పట్టీ లాంటిది పళ్ళ మధ్య లాగుతుంటే ఆ చప్పుడు పుర్రెలో వినిపిస్తుంది, నొప్పి మాత్రం ఉండదు. సరిగ్గా చేస్తే దానివల్ల పళ్ళు పుచ్చవు, కానీ పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. కాబట్టి ఏ పళ్ళ మధ్య ఎంత తీస్తారో మొదలుపెట్టకముందే అడగండి, ప్లాన్‌లో అంకెలతో సహా ఉంటుంది.

కనపడకూడదనేదే మీకు ముఖ్యమై, అలైనర్లకి మీ కేసు కుదరకపోతే ఇంకో రెండు దారులున్నాయి. సిరామిక్ క్లిప్పులు మెటల్ వాటిలాగే పనిచేస్తాయి, పన్ను రంగులో ఉంటాయి, బ్రాకెట్ కాస్త లావుగా ఉంటుంది, రబ్బరు రింగులకి రంగు పడుతుంది, ఎనామిల్‌కంటే గట్టివి కాబట్టి కింది పళ్ళకి వేస్తే కొరికేటప్పుడు పై పళ్ళు అరిగే ప్రమాదం ఉంది, అందుకే చాలామంది డాక్టర్లు పైన సిరామిక్, కింద మెటల్ అంటారు. నాకు ఇది చక్కటి మధ్యేమార్గంగా అనిపిస్తుంది. లోపలివైపు వేసే లింగ్వల్ క్లిప్పులు అసలు కనపడవు, కానీ నాలుక ఒరుసుకుంటుంది, మాట సర్దుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది, అందులో ప్రత్యేకంగా చేయి తిరిగిన డాక్టర్ దొరకాలి, ఖర్చు కూడా పైమాటే. రబ్బరు రింగులు లేకుండా బ్రాకెట్టే తీగని పట్టుకునే సెల్ఫ్ లైగేటింగ్ క్లిప్పులతో త్వరగా అయిపోతుంది అంటారు, ఆ మాటని అధ్యయనాలు బలపరచలేదు.

వంకర పళ్ళ మీద వెనీర్లు, అంటే పన్ను రంగు పలచటి పెంకులు, అంటించి ఒక వారంలో సరిచేసేస్తామనేవాళ్ళూ ఉంటారు. దానికోసం చాలాసార్లు ఆరోగ్యమైన పన్నుని శాశ్వతంగా చెక్కాలి, ఆ వెనీర్లని కొన్నేళ్ళకోసారి మార్చుకుంటూ ఉండాలి. కదిలించి సరిచేయగల పన్నుని చెక్కొద్దనే నేను గట్టిగా చెబుతాను.

చూసే డాక్టర్ ఎవరన్నది బ్రాండ్ కంటే ముఖ్యం

నేను ముందు వెళ్ళిన చోట పది నిమిషాల్లో స్కాన్ తీసి, నా పళ్ళు తెర మీద తెల్లగా, వరసగా మారిపోవడం చూపించి, ఇవాళే అడ్వాన్స్ కడితే తగ్గింపు అన్నారు. ఎక్స్‌రే తీయలేదు, చిగుళ్ళు ముట్టుకుని చూడలేదు. ఏదో తేడాగా అనిపించి ఇంకో ఆర్థోడాంటిస్ట్, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టర్, దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అసలు స్కాన్ ఊసే ఎత్తకుండా గీతలున్న సన్నటి కడ్డీ ఒకటి చిగుళ్ళలోకి నెమ్మదిగా దించుతూ అంకెలు చెప్పుకుంటూ వెళ్ళారు, "రెండు, మూడు, రెండు, మూడు, ఐదు." ఐదు దగ్గర ఆగి మళ్ళీ కొలిచారు. అవి మిల్లీమీటర్లు, మూడు దాకా మామూలు, ఐదు అంటే అక్కడ చిగురు పన్నుని వదిలేసి సంచిలా తయారైందని అర్థం. "ముందు ఇది తగ్గాలమ్మా, చిగురు వాచి ఉండగా పన్ను కదిపితే ఎముక కరిగిపోతుంది, మళ్ళీ రాదు" అన్నారు. రెండు నెలలు చిగుళ్ళకి వైద్యం చేయించుకుని, మళ్ళీ కొలిపించుకుని, అప్పుడు మొదలుపెట్టాను. ముందు చోటే అడ్వాన్స్ కట్టేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

పెద్దవాళ్ళకి ఈ పరీక్ష ఎందుకు తప్పదంటే, పిల్లల్లో అరుదుగా ఉండేవి మనకి మామూలుగా ఉంటాయి. చిగుళ్ళ జబ్బు, పాత క్యాపులు, బ్రిడ్జిలు, ఇంప్లాంట్లు. పోయిన పన్ను చోట బిగించే ఇంప్లాంట్ ఎముకకే అతుక్కుపోయి ఉంటుంది, చుట్టూ ఆ పొర లేదు కాబట్టి ఎంత నెట్టినా కదలదు, ప్లాన్ దాని చుట్టూ వేయాలి. క్యాపు మీద అటాచ్‌మెంట్ సరిగ్గా అతకదు. ఎముకలు గుల్లబారినందుకు వాడే బిస్‌ఫాస్ఫోనేట్ మందులు పన్ను కదలికని నెమ్మదింపజేస్తాయి, వాడుతుంటే తప్పకుండా చెప్పండి. పొగతాగే అలవాటు ఉంటే అదీ దాచకండి. బాగా ఇరుగ్గా ఉన్న పళ్ళు సరయ్యాక చిగురు దగ్గర నల్లటి త్రికోణాల్లాంటి ఖాళీలు కనపడవచ్చు, పెద్దవాళ్ళలో ఇది ఎక్కువ, కొందరు అది చూసి తెగ బాధపడతారు, ముందే తెలిస్తే అంత షాక్ ఉండదు. వేరు కొస కొద్దిగా కరగడం ఏ పద్ధతిలోనైనా జరగవచ్చు, ఎక్స్‌రే ముందూ మధ్యలో ఒకసారీ తీసేది దాన్ని కనిపెట్టుకుని ఉండటానికే.

ఈ కారణాలవల్లే డాక్టర్ని కలవకుండా ఇంటికి కిట్ తెప్పించుకుని, మీరే అచ్చు తీసి పంపితే ట్రేలు వచ్చే పద్ధతి నేను ఎవరికీ చెప్పను. అందులో కడ్డీతో కొలిచేవాళ్ళెవరు, ఎక్స్‌రే చూసేదెవరు? ఈ వ్యాపారంలో అందరికంటే పెద్దదిగా పేరున్న అమెరికా కంపెనీ స్మైల్‌డైరెక్ట్‌క్లబ్, 2014లో మొదలై, 2023 డిసెంబర్‌లో ఉన్నపళంగా మూతపడింది, వైద్యం సగంలో ఉన్నవాళ్ళు అలాగే మిగిలిపోయారు. 2024 అక్టోబర్‌లో బైట్ అనే ఇంకో బ్రాండ్ అలైనర్ల అమ్మకాన్ని దాని యజమాని కంపెనీయే ఆపేసింది. డబ్బు తక్కువైనందువల్లే ఆ దారి చూస్తున్నట్టయితే, దానికంటే ఒక మంచి డాక్టర్ దగ్గర మెటల్ క్లిప్పులు వేయించుకోవడం వెయ్యి రెట్లు నయం, మామూలుగా అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యేది కూడా అవే.

డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు బ్రాండ్ పేరు కాకుండా ఇవి అడగండి. నా పళ్ళలో కష్టమైన కదలిక ఏది, అది రాకపోతే ఏం చేస్తారు? రిఫైన్‌మెంట్ ట్రేలు ఈ డబ్బులోనే కలిసి ఉన్నాయా, ఎన్నిసార్లు వరకు? ట్రేలతో కుదరక క్లిప్పులు పెట్టాల్సి వస్తే మళ్ళీ కట్టాలా? రిటైనర్లు ఇందులోనే ఉన్నాయా? ఇలాంటి కేసు క్లిప్పులతో మీరు చేస్తారా, చేయరా? ఈ చివరిది చాలా ముఖ్యం, ఎందుకంటే రెండూ చేయగలిగిన డాక్టర్‌కే రెండిటిలో మీకు ఏది మేలో చెప్పే వెసులుబాటు ఉంటుంది. అలైనర్లు మాత్రమే ఇచ్చే చోట అందరికీ అలైనర్లే సరిపోతాయి.

మొత్తానికి నా సలహా ఇలా ఉంటుంది. తేలికపాటి వంకర, సందులు, చిగుళ్ళు బాగున్నాయి, క్రమం తప్పకుండా ఉండగలరు, అలైనర్లు తీసుకోండి, సందేహించకండి. పళ్ళు తీయాల్సి ఉంది, లేక తిరిగిపోయిన కోరపళ్ళు, లోతైన కొరుకు (పై పళ్ళు కింది పళ్ళని బాగా కప్పేయడం) ఉంది, క్లిప్పులే, మెటల్ ఇబ్బంది అనిపిస్తే సిరామిక్. రెండిటికీ మధ్యలో ఉంటే, మొదటి కొన్ని నెలలు క్లిప్పులతో కష్టమైన కదలికలు అవగొట్టి మిగతాది అలైనర్లతో పూర్తి చేసే పద్ధతి కూడా ఉంది, దీని గురించి అడిగేవాళ్ళు తక్కువ, అడిగి చూడండి. మీ మీద మీకు నమ్మకం లేకపోతే, అంటే అద్దాలు, తాళాలు రోజూ వెతుక్కునే మనిషైతే, కేసు ఎంత తేలికైనా క్లిప్పులే.

ఏది ఎంచుకున్నా రిటైనర్ తప్పదు

పన్ను కొత్త చోటికి వచ్చినా చిగురులోని నారలు పాత చోటునే గుర్తుపెట్టుకుని లాగుతూ ఉంటాయి, అవి పూర్తిగా సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది, ఆ తర్వాత కూడా వయసుతో పాటు కింది ముందు పళ్ళు దగ్గరకి వస్తూనే ఉంటాయి. అందుకే మొదటి కొన్ని నెలలు దాదాపు రోజంతా, తర్వాత రాత్రిళ్ళు, ఆ రాత్రిళ్ళకి ఆఖరు లేదు. పళ్ళ వెనక అతికించే సన్నటి తీగ ఉంటే గుర్తుపెట్టుకునే పని తగ్గుతుంది, కానీ దాని చుట్టూ గార పేరుకుంటుంది, ఒక చోట ఊడినా తెలియకపోవచ్చు, నాలుకతో తడిమి చూసుకుంటూ ఉండాలి. నాకు కింద తీగ, పైన రాత్రి ట్రే. స్కాన్ ఫైల్ డాక్టర్ దగ్గర ఉంచమని చెప్పండి, ట్రే పోతే త్వరగా ఇంకోటి చేయించుకోవచ్చు.

ఎప్పుడైనా రెండు మూడు రాత్రులు మానేసి మళ్ళీ పెట్టుకుంటే బిగుతుగా తగిలిందా, పళ్ళు జరగడం మొదలైందన్నమాట, ఆ రోజు నుంచి మళ్ళీ ప్రతి రాత్రీ పెట్టుకోండి. పూర్తిగా కూర్చోకుండా పైకి తేలుతుంటే మాత్రం బలవంతంగా నొక్కకుండా, ఆ వారంలోనే డాక్టర్‌కి చూపించండి.